జీడిపప్పు కొట్టుకి గూగుల్ సెర్చ్ కన్సోల్ ఎంత పనికొచ్చింది: శ్రీకాకుళం నుంచి ఏడాది తర్వాత నా రివ్యూ

గూగుల్ సెర్చ్ కన్సోల్‌ని ఏడాది పైగా వాడాక రాస్తున్న రివ్యూ ఇది. మన వెబ్‌సైట్ గూగుల్ సెర్చ్‌లో ఉందా లేదా, ఎలా కనిపిస్తోంది అన్నది చూపించే గూగుల్ వాళ్ల టూల్ ఇది. సొంత వెబ్‌సైట్ ఉన్న ఎవరైనా దీన్ని ఫ్రీగా వాడుకోవచ్చు, అయినా మన జిల్లాలో చిన్న షాపులు నడిపే వాళ్లలో నాకు తెలిసిన చాలామంది దీని పేరు కూడా వినలేదు. మొన్న పొందూరు నుంచి ఖాదీ చీరలు అమ్మే ఒకావిడ ఫోన్ చేసి "ఎస్ఈఓకి ఎవరికిచ్చారండీ, నెలకి ఎంత తీసుకుంటున్నారు" అని అడిగారు. ఎస్ఈఓ అంటే గూగుల్‌లో వెతికితే మన సైట్ పైన కనిపించేలా చేసే పని. ఎవరికీ ఇవ్వలేదండీ, నేనే చూసుకుంటున్నాను అంటే నమ్మలేదు. ఆవిడకి ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్‌కి దగ్గర్లో జీడిపప్పు కొట్టు. మా మామగారు పెట్టింది. సరుకు పలాస, కాశీబుగ్గ నుంచి వస్తుంది. కౌంటర్ మీద అమ్మకం మామగారు, మా ఆయన చూసుకుంటారు, ఆన్‌లైన్ ఆర్డర్లు, పార్శిళ్లు నా పని. కిందటేడాది సంక్రాంతి ముందు వెబ్‌సైట్ చేయించాం. చూడ్డానికి చాలా బాగుంది. ఎనిమిది నెలలు గడిచాయి, తెలిసినవాళ్లకి మేమే లింక్ పంపితే వచ్చిన ఆర్డర్లు తప్ప గూగుల్‌లో వెతుక్కుని వచ్చిన మనిషి ఒక్కడూ లేడు.

ఈలోగా ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. ఫస్ట్ పేజీ గ్యారంటీ, మూడు నెలలకి పదిహేను వేలు అన్నారు. కట్టాం. నెలకొక పీడీఎఫ్ రిపోర్టు పంపేవాళ్లు, అందులో మా షాపు పేరు కొడితే మొదట మేమే వస్తున్నట్టు ఒక స్క్రీన్‌షాట్, ఎర్ర రంగుతో గుండ్రంగా గీసి మరీ. మూడు నెలలూ అది చూసి సంతోషపడ్డాం. మా పేరు తెలిసినవాడు మా పేరు కొడితే మేం రావడంలో గొప్పేముందన్న ప్రశ్న అప్పుడు తట్టలేదు. ఇంకో సంగతి ఏమిటంటే, ఆ స్క్రీన్‌షాట్‌లో ఉన్నది మా వెబ్‌సైట్ కానే కాదు, గూగుల్ మ్యాప్స్‌లో మా కొట్టు లిస్టింగ్. వెబ్‌సైట్ గూగుల్‌లో అసలు లేనే లేదు. డబ్బులు తీసుకున్న మూడు నెలల్లో వాళ్లలో ఒక్కరూ ఆ సంగతి చూడలేదు. పదిహేను వేలంటే మాకు చిన్న మొత్తం కాదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

దసరా సెలవులకి మా ఆడపడుచు కొడుకు వచ్చాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "అత్తా, సెర్చ్ కన్సోల్‌లో ఏముంది చూశావా" అన్నాడు. అదేమిటో నాకు తెలియదన్నాను. వాడు పక్కన కూర్చుని సైట్‌ని అందులో చేర్పించాడు. ఈ సైట్ మాదే అని గూగుల్‌కి రుజువు చూపించాలి, దానికి కొన్ని దారులున్నాయి. డొమైన్, అంటే సైట్ అడ్రస్ మొత్తానికి చేసుకోవాలంటే డీఎన్ఎస్ అనే ఆ అడ్రస్ సెట్టింగుల్లో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టాలి, దానికి డొమైన్ లాగిన్ కావాలి. అక్కడ ఆగిపోయాం, ఎందుకంటే సైట్ చేసిన అతను డొమైన్‌ని తన ఈమెయిల్‌తో, తన అకౌంట్‌లో కొన్నాడు. లాగిన్ అడిగితే ఇదిగో అదిగో అంటూ ఐదు వారాలు తిప్పాడు. అప్పటికి రెండో దారిలో వెళ్లాం, గూగుల్ ఇచ్చిన ఒక ట్యాగ్‌ని సైట్ హెడర్‌లో అతికించడం, పది నిమిషాల పని. మీలో ఎవరైనా కొత్తగా సైట్ చేయిస్తుంటే డొమైన్ మాత్రం మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతోనే కొనండి. కొట్టు మనది, అద్దె కడుతున్నది మనం, తాళంచెవి ఇంకొకడి జేబులో ఉంటే ఎలా?

సరే, చేర్చిన తర్వాత పైన ఉన్న పెట్టెలో మా హోమ్ పేజీ అడ్రస్ వేసి ఎంటర్ కొట్టాడు. దాన్ని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. ఈ పేజీ గూగుల్‌లో లేదు అని వచ్చింది. కింద కారణం కూడా ఉంది, నోఇండెక్స్ ట్యాగ్ ఉంది కాబట్టి తీసుకోలేదు అని. నోఇండెక్స్ అంటే ఈ పేజీని మీ లిస్టులో పెట్టుకోవద్దు అని మనమే గూగుల్‌కి చెప్పడం. ఎవరు చెప్పారు? మా సైట్ తయారుచేసిన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్, అందులో రీడింగ్, అక్కడ అట్టడుగున ఒక చిన్న చెక్‌బాక్స్ ఉంటుంది, సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయకుండా చూడమని. సైట్ తయారవుతున్నప్పుడు దానికి టిక్ పెట్టుకుంటారు, సగం సగం పేజీలు బయటికి కనిపించకుండా. పని అయ్యాక తీసెయ్యాలి. మా సైట్ చేసిన అతను తీయలేదు. ఒక్క టిక్కు. పదకొండు నెలలు. సంక్రాంతి, రథసప్తమి, పెళ్లిళ్ల సీజన్, అన్నీ దాటిపోయాయి. ఆ టిక్కు తీసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, కోపంతో కొంత, ఇంత సులువుగా దొరికేసిందే అని కొంత.

ఈ ఒక్క పనికే నేను సెర్చ్ కన్సోల్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. మీ సైట్ మీద ఒక్క రూపాయి ఖర్చుపెట్టే ముందు, ఏ ఏజెన్సీతోనైనా మాట్లాడే ముందు, మీ హోమ్ పేజీ, మీరు ఎక్కువగా అమ్మే వస్తువుల పేజీలు నాలుగైదు ఆ పెట్టెలో వేసి చూడండి. గూగుల్‌లో ఉన్నాయా లేవా, లేకపోతే ఎందుకు లేవు, అదే చెబుతుంది.

టిక్కు తీసి, ఇండెక్సింగ్ రిక్వెస్ట్ పెట్టాక హోమ్ పేజీ కొద్దిరోజుల్లోనే వచ్చింది. వస్తువుల పేజీలు మాత్రం చాలావరకు రాలేదు. పేజెస్ రిపోర్టులో వాటి ఎదురుగా "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని ఉంది, అంటే గూగుల్ వచ్చి చదివింది కానీ లిస్టులో పెట్టుకోలేదు. కారణం ఇదీ అని అక్కడ విడమరిచి చెప్పదు, మనమే పేజీలు తెరిచి ఆలోచించుకోవాలి. తెరిచి చూస్తే పద్నాలుగు వస్తువులకీ ఒకటే వాక్యాలు. "మా ప్రీమియం కాష్యూలు అత్యుత్తమ నాణ్యతతో మీ ఆరోగ్యం కోసం" అని, ఇంగ్లీషులో, పేరొక్కటే మారుతుంది. గుండు పప్పుకీ అదే, బద్దకీ అదే, ముక్కకీ అదే. మనిషి చదివినా ఏది కొనాలో తెలియదు, మరి గూగుల్ పద్నాలుగు పేజీలు ఎందుకు పెట్టుకుంటుంది?

అప్పుడు మొదలైంది అసలు పని. ఇక్కడే నాకు ఈ టూల్ మీద ప్రేమ పుట్టింది.

పెర్ఫార్మెన్స్ రిపోర్టు అని ఉంటుంది. అందులో క్వెరీస్ అనే ట్యాబ్ నొక్కితే, జనం గూగుల్‌లో ఏ మాటలు కొట్టినప్పుడు మన సైట్ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉన్నాం అని వరసగా వస్తుంది. కనిపించడాన్ని ఇంప్రెషన్ అంటారు, నొక్కడాన్ని క్లిక్ అంటారు. మొదటి నెల లిస్టు ప్రింటు తీసి కౌంటర్ మీద పెట్టాను. మామగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివి "ఇదేటమ్మా, కొట్లోకొచ్చి అడిగిన మాటలే ఇందులోనూ ఉన్నాయి" అన్నారు. నిజంగానే ఉన్నాయి. గుండు పప్పు ధర. జీడిపప్పు బద్ద కేజీ ఎంత. పలాస జీడిపప్పు ఆన్‌లైన్. పాయసానికి ఏ జీడిపప్పు. 240కీ 320కీ తేడా ఏంటి. మా సైట్‌లో ఈ మాటల్లో ఒక్కటీ లేదు, అంతా కాష్యూ, ప్రీమియం, రిచ్. కొట్లో ఎవరైనా అలా మాట్లాడతారా?

జీడిపప్పు అనే మాటని మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా కొడతారో ఆ లిస్టులోనే చూశాను. మొదట ఒకరు జె పెడితే ఒకరు జి, తర్వాత రెండు ఇ లు ఒకరు, ఒక్క ఐ ఒకరు, పప్పుకి మధ్యలో రెండు పి లు, మూడు పి లు, కలిపి కొట్టేవాళ్లు, విడదీసి కొట్టేవాళ్లు. మొదట్లో కంగారుపడి అన్ని స్పెల్లింగులూ పేజీ కింద వరసగా రాసేద్దామనుకున్నాను. అలా చేయకండి. స్పెల్లింగు తేడాలు గూగుల్ చాలావరకు తనే అర్థం చేసుకుంటుంది, పైగా మాటలు అలా కుక్కడం వాళ్ల స్పామ్ నిబంధనలకే విరుద్ధం. ఇంకొకటి, మెటా కీవర్డ్స్ అని ఒక గడి ఉంటుంది, అందులో యాభై మాటలు నింపితే ర్యాంకు వస్తుందని ఇప్పటికీ చెబుతున్నారు. దాన్ని ర్యాంకింగుకి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. దాని కోసం ఎవరైనా డబ్బులడిగితే ఆ మాట చెప్పండి.

నేను చేసింది ఇంతే. జనం అడిగిన ప్రశ్నకి ఒక పేజీ, జవాబు మన మాటల్లో, తెలుగులో, అవసరమైన చోట ఇంగ్లీషులో. అన్నిటికంటే బాగా పనిచేసింది గ్రేడుల పేజీ. 320 అంటే ఏమిటో కొనేవాళ్లలో చాలామందికి తెలియదు, పెద్ద నంబరు కాబట్టి మంచి రకం అనుకుంటారు. అసలు లెక్క ఏమిటంటే ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాములు తూస్తే అందులో ఎన్ని పప్పులు వస్తాయన్నదే ఆ నంబరు. 320 రకమైతే మూడు వందల నుంచి మూడు వందల ఇరవై దాకా వస్తాయి, 240 రకమైతే రెండు వందల ఇరవై నుంచి రెండు వందల నలభై. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. నంబరు ముందు డబ్ల్యూ అని రాసి ఉంటే అది వైట్, తెల్ల పప్పు. ఇది మామగారు రోజుకి పదిసార్లు కౌంటర్ దగ్గర చెప్పే మాట. ఆయన చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి, అదే రాశాను. నాలుగు రకాల పప్పులూ మా అత్తగారి ఇత్తడి పళ్లెంలో పక్కపక్కన పోసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీశాను, సైజు తెలియడానికి. ఏ రకం దేనికి అన్నది కూడా రాశాం, పిండివంటకి, గ్రేవీకి ముక్క చాలు, అంత డబ్బు పెట్టి గుండు కొనక్కర్లేదని. మా ఆయన ఒప్పుకోలేదు, తక్కువది కొనుక్కోండని మనమే చెబుతామా అన్నారు. కానీ ఇవాళ మాకు ఎక్కువమంది వచ్చేది ఆ పేజీ నుంచే, అది చదివి ఫోన్ చేసేవాళ్లు బేరం ఆడరు, ఏం కావాలో ముందే తెలిసి ఉంటుంది.

ధరల పేజీ సంగతి కూడా చెప్పాలి. రిపోర్టులో అది చాలాసార్లు కనిపిస్తోంది, నొక్కేవాళ్లు మాత్రం లేరు. స్థానం బాగానే ఉంది, ఆరో ఏడో. అలాంటప్పుడు చూడాల్సింది టైటిల్. మా టైటిల్ "ప్రోడక్ట్స్" అని ఉంది, అంతే, ఒక్క మాట. దాన్ని "పలాస జీడిపప్పు కేజీ ధర: గుండు, బద్ద, ముక్క" అని మార్చాం, ప్రతి సోమవారం పేజీలో ధర సరిచేసి తేదీ వేస్తున్నాం. స్థానం పెద్దగా మారలేదు, క్లిక్కులు రెండింతలు దాటాయి. టైటిల్‌ని గూగుల్ ఒక్కోసారి తనకి నచ్చినట్టు మార్చి చూపిస్తుంది, అది మన చేతిలో లేదు, కానీ మనం మంచిది ఇస్తే ఎక్కువసార్లు అదే చూపిస్తుంది.

స్పీడు గురించి క్లుప్తంగా. కొట్లో కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంటోంది కదా అని వదిలేశాం. డివైసెస్ ట్యాబ్ చూస్తే వచ్చేవాళ్లందరూ దాదాపుగా ఫోన్ల నుంచే. గూగుల్ కూడా సైట్‌ని ఫోన్‌లో ఎలా ఉందో అలాగే చదువుతుంది. మా ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీ, ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించాం. వాటిని వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి రెండు వందల కేబీ లోపుకి తెచ్చాం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని ఇంకో ఫ్రీ టూల్ ఉంది, పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే మంచిదని అది చెబుతుంది. ఫొటోలు తగ్గించడంతోనే మాకు సగం పని అయిపోయింది.

దీనికి జంటగా వాడాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, మ్యాప్స్‌లో కనిపించేది. కొట్టు మీద అమ్మకానికి వెబ్‌సైట్ కంటే ఇదే ముఖ్యం. ఆదివారాలు అరసవల్లి వచ్చిన భక్తులు దర్శనం అయ్యాక జీడిపప్పు కొనుక్కుని వెళ్లాలనుకుంటారు, బండిలో కూర్చునే దగ్గర్లో షాపు వెతుకుతారు. మా పిన్ను రోడ్డుకి అవతల, సందు లోపల పెట్టి ఉంది, మేమే ఎప్పుడో తొందరలో పెట్టుకున్నది. జనం ఆ సందులోకి వెళ్లి ఫోన్ చేసేవాళ్లు, చేయనివాళ్లు ఎంతమందో తెలియదు. పిన్ను సరిచేశాం, కొట్టు ముందు భాగం పగలు తీసిన ఫొటో పెట్టాం, ఆదివారం టైమింగులు, రథసప్తమికి తెల్లవారుజామునే తెరుస్తామని స్పెషల్ అవర్స్ పెట్టాం. ఏజెన్సీ వాళ్లు షాపు పేరుకి తోకలా "బెస్ట్ జీడిపప్పు శ్రీకాకుళం" అని తగిలించమన్నారు, అదీ తప్పే, బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి, లేకపోతే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. ఐదు స్టార్లు ఇస్తే వంద గ్రాముల ప్యాకెట్ ఫ్రీ అని పెడదామని ఒకరు సలహా ఇచ్చారు. రివ్యూకి ప్రతిఫలం ఇవ్వడం నిబంధనలకి విరుద్ధం, నాకూ మనసొప్పలేదు. బిల్లుతో పాటు నవ్వుతూ అడుగుతున్నాం, ఇష్టమైతే రాస్తున్నారు, ప్రతి దానికీ ఆ రాత్రే జవాబు ఇస్తున్నాను.

ఇక తక్కువ మార్కులు వేయాల్సినవి. సెర్చ్ కన్సోల్ మొదటిసారి తెరిస్తే భయం వేస్తుంది, మాటలన్నీ ఇంజినీర్ల మాటలు. లెక్కలు అప్పటికప్పుడు రావు, నిన్నటిది పూర్తిగా తెలియాలంటే రెండు మూడు రోజులు ఆగాలి. చాలా అరుదుగా కొట్టే క్వెరీలని ప్రైవసీ కోసం చూపించదు, అందుకే చిన్న సైట్లలో కింద క్వెరీలు కూడితే వచ్చే మొత్తం, పైన ఉన్న మొత్తం కలవవు, తప్పు చేశామేమో అని టెన్షన్ పడకండి. పాత లెక్క పదహారు నెలల వరకే ఉంచుతుంది, కాబట్టి నేను నెలకొకసారి షీట్‌లోకి దింపుకుంటున్నాను, పోయిన సంక్రాంతికీ ఈ సంక్రాంతికీ పోల్చుకోవాలంటే అది ఉండాలి. పోటీ షాపులు ఏం చేస్తున్నాయో ఇందులో కనిపించదు, అది కావాలంటే అహ్రెఫ్స్, సెమ్‌రష్ లాంటివి డబ్బులు కట్టి తీసుకోవాలి, మా స్థాయి కొట్టుకి నెల నెలా డాలర్లలో కట్టేంత అవసరం లేదని నా అభిప్రాయం.

సగటు స్థానం చూసి కూడా రోజూ బెంగపెట్టుకోవద్దు. మా ఆయన మొదట్లో కొట్లో కూర్చుని తన ఫోన్‌లో వెతికి, మనమే ఫస్ట్ అని సంబరపడేవారు. కొట్లో కూర్చుని వెతికితే కొట్టే ముందు వస్తుంది, మనం ఎక్కడున్నామన్నదాన్ని బట్టి ఫలితాలు మారతాయి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న మన శ్రీకాకుళం వాళ్లకి ఏం కనిపిస్తుందో తెలియాలంటే రిపోర్టులోని లెక్కే ఆధారం.

ఎంత టైం పడుతుందని అందరూ అడుగుతారు. మార్పులు చేసి ఫలితం కనిపించడానికి చాలా సందర్భాల్లో నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్ల సొంత గైడే చెబుతోంది, మొదటి ర్యాంకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని కూడా అందులోనే ఉంది. మాకు ఐదో నెలలో మొదటి తెలియని మనిషి ఆర్డర్ వచ్చింది, కరీంనగర్ నుంచి, రెండు కేజీలు 240. ఇప్పుడు వారానికి పది, పన్నెండు వస్తున్నాయి. లక్షలు రాలేదు, కానీ పార్శిళ్లు కట్టడానికి ఒక అమ్మాయిని పెట్టుకోగలిగాం.

మీకు సాయం కావాలనిపిస్తే మనిషిని పెట్టుకోవడంలో తప్పు లేదు, అందరికీ వారానికి మూడు గంటలు దొరకవు. కానీ సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ మీరే ఉండండి, వాళ్లకి ఫుల్ యూజర్ యాక్సెస్ ఇస్తే చాలు, పని మానేసిన రోజు తీసెయ్యొచ్చు. నెల చివర వాళ్లు పంపే పీడీఎఫ్ పక్కన పెట్టి, ఇందులోనే మీ షాపు పేరు లేని క్వెరీల నుంచి ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూడండి. లింకులు కొని పెడతామంటే వద్దనండి, ర్యాంకు కోసం లింకులు కొనడం స్పామ్ కిందకే వస్తుంది.

మొత్తంగా నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే, మా మామగారి లాంటివాళ్లు ఎవరి సాయం లేకుండా తెరిచి అర్థం చేసుకోగలిగేలా ఇంకా లేదు.

ఈ వారం లిస్టులో కొత్తగా ఒకటి కనిపించింది, జీడిపప్పుకి పురుగు పట్టకుండా ఎలా దాచాలి అని. నెలలో అరవై సార్లు కనిపించాం, దాని మీద మాకు పేజీయే లేదు. నిన్న రాత్రి కొట్టు కట్టేశాక మామగారిని కూర్చోబెట్టి అడిగాను. గాలి చొరబడని డబ్బా, తడి చెయ్యి పెట్టకూడదు, ఎక్కువ రోజులైతే ఫ్రిజ్‌లో, తీశాక చల్లదనం పోయేదాకా మూత తియ్యకూడదు, లేకపోతే చెమ్మ పట్టి మెత్తబడిపోతుంది. చెబుతూ చెబుతూ లేచి వెళ్లి గోదాంలోంచి ఆయన పాత రేకు డబ్బా పట్టుకొచ్చారు, మూత ఎంత బిగుతుగా ఉండాలో ఫొటో తియ్యమని.